ఆకు వేళ

చాముండేశ్వరికి బెంగుళూరులో గొంతు మారుస్తారంట, ఆపరేషన్ అయినాక మూడు నెలలు నోరు తెరవకూడదంట, అని ఎదురింటి వెంకటక్క పాలబూతు దగ్గర నలుగురిలో అన్నదట, ఆ నలుగురిలో ఒకామె ఆ మాటను చీరల డిజైన్ల షాపులో పక్క కుర్చీలో కూర్చునే హరిత దాకా మోసిందట, హరిత నిన్న కంప్యూటరు మీది నుంచి చూపు తిప్పకుండానే ఏమక్కా నిజమేనా, కొత్త గొంతు మనకు నచ్చింది ఏరుకోవచ్చునా అని అడిగి తానే నవ్వేసింది, పాపం వెంకటక్క పూర్తిగా అబద్ధమేమీ చెప్పలేదు, మిద్దె మీద బట్టలు ఆరేస్తూ చాముండేశ్వరి ఫోనులో మాట్లాడిన మాటల్లో గాలి అటువైపు తోలినవి ఏరుకుని మిగిలింది సొంతంగా కుట్టుకుంది, పాత గొంతు తీసేసి కొత్త గొంతు పెట్టడం అన్నంతవరకు నిజమే, పెట్టేది మెడలో కాదు, పన్నెండేళ్ల కిందటి ఏడు పాటల్లో, ధర్మవరం స్టేషను వెనకబడింది, ప్యాసింజరు బండి ఇంకా బద్ధకంగానే ఉంది, కిటికీ ఊచలు అప్పుడే వేడెక్కాయి, ఇయర్‌ఫోన్ల తీగ ఎప్పటిలాగే చిక్కుపడింది, చిక్కు తీసేలోపల నాగసముద్రం వచ్చేస్తుంది, హిందూపురం చేరేలోపల ఏడు పాటలూ ఒకసారి మొత్తం వినాలి, విని సాయంత్రం హరిప్రసాద్‌కు అవునో కాదో చెప్పాలి.

హరిప్రసాద్ ఇప్పుడు హిందూపురంలో పిల్లలకు గిటారు నేర్పుతాడు, డిగ్రీ రోజుల్లో గిటారు వాయించిందీ పాటలు రాసిందీ అతనే, తాళం వేసింది బాలాజి, పాడింది తాను, ముగ్గురూ కలిసి తుమ్మముల్లు అని పేరు పెట్టుకుని మాది రాక్ బ్యాండు అని చెప్పుకుంటే ఎవరో బ్యాండన్న మాట ఒక్కటే విని గోరంట్లలో పెళ్లి ఊరేగింపుకు పిలిచారు, ఆ రోజుల్లో చేసిన మొదటి ఆల్బం ఆకు వేళ, నెట్‌లో ఊరికే పెట్టారు, ఊరికే ఉండిపోయింది, ఇప్పుడు బెంగుళూరులో ఎవరో కుర్రాడు దాని మీద పెద్ద సమీక్ష రాశాడు, అది చదివి ఒక చిన్న కంపెనీ వాళ్లు ఫోను చేశారు, రెండు దార్లు చెప్పినారు చాముండీ అన్నాడు హరిప్రసాద్, ఉన్నదున్నట్టు వేసేది ఒకటి, స్టూడియోలో నువ్వు గొంతు తెరిచి మళ్లీ పాడేది ఒకటి, నన్నడిగితే రెండోదే, అప్పుడు నువ్వు గుసగుసలాడినావు గానీ పాడినావా, మరి తాళమో అని తాను అడిగితే అవతల ఒక్క క్షణం గిటారు తీగ దేన్నో గీకినట్టు చప్పుడైంది, తాళం కూడా కొత్తదే పెట్టల్ల గదా, బాలాజి వేళ్లతో తట్టిండేది నీ నిండు గొంతు కింద యాడ నిలబడతాది, నలిగిపోతాది, అన్నాడు, బాలాజి వేళ్లు ఈ ఏడు పాటల్లో తప్ప ఇంకెక్కడా లేవు, తరువాతి ఆల్బంకు బెంగుళూరు పోతే అక్కడివాళ్లు మిషన్ తాళం పెట్టారు, బాలాజి ఏమీ అనకుండా మధ్యాహ్నం బండికి పల్లెకు వచ్చేశాడు, ఆ తరువాత బ్యాండూ లేదు బాజాలూ లేవు, కాబట్టి తాను ఊ అంటే తన గొంతు లోకానికి వినిపిస్తుంది, బాలాజి అనేవాడు ఒకడు వాయించాడన్న ఆనవాలు పోతుంది, ఇంతే సంగతి, ఇందులో లెక్క వేయడానికేముంది, అయినా తనకు కావాలి, దొంగతనం చేసైనా తీసుకోవాలన్నంతగా కావాలి, పన్నెండేళ్లుగా కాలేజీ స్నేహితులు ఎదురైతే ఏమే గుసగుసా అనే పిలుస్తారు, అత్తగారి ఊళ్లో ఒకసారి ఫోనులో పాట వినిపిస్తే ఆడపడుచు మొగుడు పోతులయ్య దొంగలు పడినప్పుడు పాడినావేమ్మా అన్నాడు, తన గొంతేమిటో తనకు తెలుసు, పెనుకొండ కొండ మీద నిలబడి పిలిస్తే కింద బస్టాండులో తలలు తిరిగేవి, ఆ గొంతు ఎవరికీ తెలియకుండానే తాను అమ్మ అయింది, రేపోమాపో ముసలిదవుతుంది.

మొదటి పాట, ఆగని బస్సుకు చెయ్యెత్తిన ఊరు, హరిప్రసాద్ అప్పట్లో మంచి మాటే రాశాడు, ఇప్పుడు రాయలేడు, ఇప్పుడు బస్సు ఆగకపోతే ఆటో ఎక్కుతాడు, గిటారు ముందు రెండు తీగలు సరిగా బిగించలేదు, అది తప్పు, షాపులో గళ్ల మీద డిజైను చూసేటప్పుడు ఒక గడి పక్కకు పోతే చీర నిలువునా గీత పడుతుంది, చాముండేశ్వరి కన్ను ఆ గడి మీదే పడుతుంది, చెవి కూడా అంతే అయిపోయింది, తప్పు, ఇక్కడ తప్పు, ఇక్కడ శ్వాస తెగింది, ఇక్కడ దగ్గింది, ఆ దగ్గును గురించి బెంగుళూరు కుర్రాడు అది ఒక తరం ఊపిరాడకపోవడం అని రాశాడు, నాయనా, అది బ్లీచింగు పొడి ఘాటు, పట్టుపురుగుల షెడ్డులోకి అడుగు పెట్టాలంటే గడప దగ్గర ఆ నీళ్లల్లో కాళ్లు ముంచాలి, పౌడరు పూసుకోకూడదు, మల్లెపూలు పెట్టుకోకూడదు, బయటి జబ్బు లోపలికి పోతే పంట పోతుంది, రికార్డింగుకు బాలాజి వాళ్ల షెడ్డునే హరిప్రసాద్ ఎందుకు ఏరుకున్నాడంటే లోపల నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు తిరిగి రాలేదు, కిటికీలన్నిటికీ తడిపిన గోనెపట్టాలు, పురుగులకు చల్లగా ఉండడానికి వేలాడదీసినవి, అవే స్టూడియో గోడలైనాయి, వానాకాలం మేకల వాసన వేసే స్టూడియో, ఆ కుర్రాడు దాన్ని ఏమన్నాడు, గోడలు లేని గది అన్నాడు, గోనెపట్టాలని తెలిస్తే ఏమంటాడో.

రెండో పాట, మూడో పాట, నాలుగోది, అన్నిటిలోనూ గుసగుసే, ఈ గుసగుసే తెలుగు రాక్‌లో పెద్ద ధైర్యమట, అరవగలిగీ అరవని తిరుగుబాటట, ధైర్యమూ లేదు దద్దోజనమూ లేదు, అప్పుడు పురుగులు జ్వరానికి పోయాయి, జ్వరమంటే ఒంటి పాత పొర విడవడానికి తలలెత్తుకుని కదలకుండా నిద్రలో ఉండడం, బాలాజి వాళ్లవ్వ అక్కమ్మ గడపలో కూర్చుని వేలు చూపించింది, మెల్లిగా, నా బిడ్డలు పండుకోండారు, ఒక్క పురుగు ఉలిక్కిపడినా మిమ్మల్ని ఈ మల్బరీ తోటలోనే పూడ్చిపెడతా అంది, అంతే, ముగ్గురూ నోళ్లు కట్టేసుకున్నారు, హరిప్రసాద్ గిటారును గోళ్లతో కాకుండా వేళ్ల మెత్తటి కొసలతో మీటాడు, బాలాజి బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు మీద, పురుగులు ఆకంతా తినేయగా మిగిలిన మల్బరీ పుల్లల కట్టతో రాసినట్టు వాయించాడు, తాను మైకును ముద్దు పెట్టుకునేంత దగ్గరగా పెట్టుకుని పాడింది, ఆశయం లేదు, పాడూ లేదు, ఒక ముసలామె భయం, అయితే ఇది మంచి ఆల్బమా, భయంతో చేసింది మంచిదెట్లా అవుతుంది, కానీ, ఆ కానీ దగ్గర బండి ఎక్కడో క్రాసింగుకు ఆగింది, కిటికీలో వేరుశనగ చేను, వానకు ఎదురుచూసి ఎదురుచూసి పసుపెక్కిన ఆకు, ఆగిన బండిలో పాట ఇంకా స్పష్టంగా వినిపించింది, కానీ ఇది బాగుంది, ఒప్పుకోక తప్పదు, గిటారు తప్పు, దగ్గు తప్పు, శ్వాస తప్పు, అన్నీ కలిపి చూస్తే చీర బాగుంది, ఇట్లా ఎట్లా అవుతుంది, రెండో ఆల్బంలో ఒక్క గడీ పక్కకు పోలేదు, దాన్ని పన్నెండేళ్లలో తాను ఒక్కసారి కూడా మళ్లీ వినాలనుకోలేదు.

కంపెనీవాళ్లు శుభ్రం చేసి చూపించారని హరిప్రసాద్ మొదటి పాటను వేరేగా పంపాడు, దాన్నీ విన్నది, చుయ్యిమనే రొద తీసేశారు, గిటారు సర్దారు, తన గొంతు అద్దంలో ముఖం లాగా కనిపించింది, కానీ ఆమె ఎక్కడ నిలబడి పాడుతున్నదో తెలియలేదు, ఎవరి ఇల్లూ కాని చోట, అయితేనేం, పాడేది స్టూడియోలోనే కదా ఇక, నిండుగా, అక్కమ్మ వేలు లేకుండా, ఊపిరితిత్తుల అడుగు నుంచి, ఆ ఊహకే ఒళ్లు జలదరించింది, ఎదుటి సీటులో వక్కాకు నములుతున్న ముసలాయన ఏమమ్మా చలిగా ఉండాదా ఈ ఎండలో అని అడిగాడు, లేదు తాతా పాట, అంది, పాటకు చలేస్తాదా, అని ఆయన మళ్లీ నమలడం మొదలుపెట్టాడు.

ఏడో పాట, దీన్ని తాను ఎప్పుడూ చివరిదాకా వినదు, బోరుబావి పాట, వెయ్యి అడుగుల కింద కూడా మా పేరు తెలిసిన నీళ్లు లేవు, ఈ పాటలో గుసగుస లేదు, ఈ పాటలో గొంతు దూరంగా ఉంది, ఎక్కడో చేను గట్టు మీద నుంచి ఎవరో పాడుతుంటే గాలికి వచ్చినట్టు, దూరాన్ని వాయిద్యంగా వాడుకున్నారని రాశాడు కుర్రాడు, ఏం దూరమో తనకు తెలుసు, ఆ రోజు పొద్దున్నే తాను బయట చేరింది, ఆ మూడు రోజులూ ఆడవాళ్లు షెడ్డు గడప తొక్కకూడదని అక్కమ్మ చట్టం, మైకు లాప్‌టాపుకు కట్టేసిన కుక్కలాగా లోపలే ఉండిపోయింది, తీగ కిటికీ దాకా కూడా అందలేదు, హరిప్రసాద్ తెచ్చిన లాప్‌టాపు ఎవరిదో, సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి, ఇంకేం చేస్తారు, పురుగులను చంపే ఊజీ ఈగలు రాకుండా కట్టిన వలకిటికీ అవతల, కానుగ చెట్టు కింద నిలబడి, లోపలి తాళం చెవిలో పడీపడకుండా వస్తుంటే, గొంతు చించుకుని పాడింది, ఆల్బం మొత్తంలో తన నిండు గొంతు అదొక్కటే, అదే అన్నిటికన్నా చిన్నగా వినిపిస్తుంది, అందుకే వినదు, విన్నప్పుడల్లా గడపకు అవతలే మళ్లీ నిలబడినట్టుంటుంది, ఇప్పుడు బలవంతంగా విన్నది, ఒకటో చరణం, రెండో చరణం, పుల్లల తాళం, ఆఖరి చరణం, తాళం ఆగిపోయింది.

ఆగిపోయింది, ఇది తనకు గుర్తుంది, ఆ రోజు దీని మీదే పెద్ద గొడవ, హరిప్రసాద్ ఒరేయ్ యాడికి పోయింది నీ మనసు, ఆఖరి చరణంలో చేతులు ఎత్తేస్తావా అని తిట్టాడు, మళ్లీ చేయడానికి పొద్దు లేకపోయింది, అట్లాగే వదిలేశారు, తప్పు గడి అనుకుంటూనే ఉంది ఇన్నేళ్లూ, కానీ ఇప్పుడు చెవుల్లో ఇంత దగ్గరగా వింటే తాళం ఆగిన చోటే తన గొంతు కిటికీ దాటి లోపలికి వచ్చింది, అంతవరకూ తాళం కింద నలిగిన గొంతు ఒక్కసారిగా షెడ్డంతా నిండింది, చిన్నదే, కానీ మొత్తంగా, ఎక్కడా అడ్డం లేకుండా, దాని వెనక సన్నగా చినుకు మొదలైనట్టు ఒక చప్పుడు, బాలాజి, నువ్వు కావాలని ఆపావు, బయట నిలబడిన మనిషి గొంతు లోపలికి రావాలని చేతులు ఎత్తేశావు, తిట్లు తిని కూడా ఎందుకో చెప్పలేదు, చీర మొత్తంలో తప్పనుకున్న గడే కొంగు అయింది, పెనుకొండ, పెనుకొండ అని ఎవరో సామాన్లు దించుతున్నారు, చేతిలో టికెట్టు హిందూపురానికి ఉంది, కాళ్లు మాత్రం పెనుకొండలో దిగాయి, వెనక నుంచి తాత చెప్పులు చూసుకోమ్మా అని అరిచాడు.

ఆటోలో మడకశిర రోడ్డు మీద బాలాజి పల్లెకు పోతున్నంతసేపూ మనసు ముందే పోయి షెడ్డు గడపలో నిలబడింది, ఏమని అడగాలి, అడిగితే సిగ్గుపడతాడా, బాలాజి సిగ్గుపడడం తాను చూడలేదు, గడపలో అదే బ్లీచింగు నీళ్ల తొట్టి, అదే అక్కమ్మ, ఇంకొంచెం ఎండి, మల్బరీ కొమ్మల కుప్ప పక్కన కాళ్లు చాపుకుని, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టి చూసి, ఎవురమ్మే, చాముండివా, బయట చేరలేదు గదా, అదే మొదటి పలకరింపు, లేదవ్వా అంటే అయితే కాళ్లు ముంచుకోని పో, మా వాడు లోపల ఉండాడు, ఆకేసే పొద్దయింది, లోపల బాలాజి, చెవుల దగ్గర నెరిసింది, తనను చూసి ఆశ్చర్యపోలేదు, ఏమబ్బా అని తానే అనాల్సి వచ్చింది, వచ్చినావా, నిలబడి ఏం చేస్తావు, ఆ కొమ్మలు పట్టు అని ఒక మోపు చేతుల్లో పెట్టాడు, ఆకేస్తూనే సంగతంతా చెప్పింది, కంపెనీ సంగతి, కొత్త గొంతు సంగతి, కొత్త తాళం సంగతి, నీ వేళ్లు పోతాయి బాలాజీ అని చెప్పేటప్పుడు తన గొంతే తనకు గుసగుసలాగా వినిపించింది, అతను కొమ్మలు సర్దుతూనే, నా వేళ్లు యాడికి పోతాయి, ఈడనే ఆకు వేస్తాండాయి, నా కోసమని వద్దనేవు, నీకు పాడాలనుంటే పాడుపో, నాకు పుణ్యం గిణ్యం అంటగట్టొద్దు, అన్నాడు, మాట మెత్తగానే ఉంది, దారి మాత్రం మూసేసింది, బాలాజి కోసం మానుకున్నానని చెప్పుకునే దారి, ఇక అడగక తప్పలేదు, బోరు పాటలో ఆఖరి చరణం, నువ్వు తాళం ఆపితివే, నా గొంతు లోపలికి వినపడల్లనేనా, బాలాజి కొమ్మ పట్టుకునే తిరిగి చూశాడు, జ్ఞాపకం తెచ్చుకోవడానికి కనుబొమలు ముడిచాడు, ఆ పొద్దా, ఆకు వేళ దాటిపోతాంటే ఆకేయనీకి పోతిని, పురుగులు తలలెత్తుకోని చూస్తాండె, మీ పాట అయ్యేదాకా వాటిని ఎండబెట్టల్లనా.

ముందు నవ్వు రాబోయింది, ఆ తరువాత ముఖం వేడెక్కింది, బెంగుళూరు కుర్రాడు దగ్గులో ఊపిరాడని తరాన్ని చూశాడు, ధర్మవరం చాముండేశ్వరి ఆకేయడానికి లేచిన మనిషిలో త్యాగాన్ని చూసింది, ఇద్దరికీ తేడా ఏముంది, టికెట్టు తగలేసి దిగింది దీనికా, చేతిలో కొమ్మలు బరువెక్కాయి, పరిచిన ఆకు మీదికి పురుగులు ఎక్కుతున్నాయి, ముందు ఒక మూల, ఆ తరువాత ఇంకో మూల, సన్నగా చినుకు మొదలైనట్టు, తరువాత వాన పట్టుకున్నట్టు, వేల నోళ్లు ఒక్కసారి ఆకు కొరికే చప్పుడు షెడ్డంతా పరుచుకుంది, కంపెనీవాళ్లు రొద అని తీసేసింది దీన్నే, తాళం ఆగినాక తన గొంతు వెనక వచ్చింది ఇదే, ఆ రోజు బాలాజి వేసిన ఆకు మీద వచ్చిన చప్పుడు, అయితే ఆ పాటలో ఎవరూ ఎవరి కోసమూ ఏమీ చేయలేదు, వేళ అయింది, అతను ఆకేశాడు, ఆకలైంది, అవి తిన్నాయి, హరిప్రసాద్ మీటుతూనే ఉన్నాడు, బయట చేరిన తాను బయటే నిలబడి పాడింది, ఎవరి పని వాళ్లు చేసుకున్నారు, పాట మధ్యలో నిలబడింది, అది బాగా రావాలని ఎవరూ అనుకోని చోట బాగా వచ్చింది, రెండో ఆల్బంలో అందరూ బాగా రావాలనే అనుకున్నారు, దీన్ని మళ్లీ పాడవచ్చు, ఇంకా బాగా పాడవచ్చు, కానీ అది ఆ షెడ్డూ ఆ పూటా కావు, వేరే పాట అవుతుంది, వేరే పాట కావాలంటే వేరే పాటే పాడాలి గానీ దీన్ని చెరపడమెందుకు, ఈ ఏడు పాటలూ ఇంతే, తప్పులతోనే ఇంత, అనుకున్నాక మనసులో ఏదో బండి ఆగినట్టు నిశ్శబ్దమైంది.

ఫోను మోగింది, చేతుల్లో కొమ్మలు, బాలాజే దాన్ని తీసి స్పీకరు పెట్టి తట్టల అంచు మీద నిలబెట్టాడు, హరిప్రసాద్, యాడుండావు చాముండీ, బండి వచ్చేసిందే అన్నాడు, పెనుకొండలో దిగినా, ఉన్నదున్నట్టే వేయమను హరీ, చుయ్యిమనే చప్పుడు కూడా తీయొద్దని చెప్పు, అంది, బాలాజి కోసమా అని హరిప్రసాద్ మెల్లిగా అడిగాడు, బాలాజి ఫోను వైపు కూడా చూడకుండా కొమ్మ విరిచాడు, కాదు, పాట కోసం, అంది, హరిప్రసాద్ గొంతులో విసుగు లేదు, అదే కష్టమైంది, విసుగుంటే జవాబు చెప్పేది, అదంతా సరేలే, మరి నీ గొంతో, నీ అసలు గొంతు జనం ఒక్కసారన్నా వినొద్దా, దాచుకోని దాచుకోని ఎవురికిస్తావు చాముండీ, అన్నాడు, అదొక్కటే దెబ్బ తగిలే చోటు, సరిగ్గా అక్కడే తగిలింది, కొమ్మలు తట్టలో పడేసి ఫోను వైపు తిరిగింది, బాలాజి చేతులు ఆపాడు, గడప అవతల కొమ్మలు దూస్తున్న అక్కమ్మ తలెత్తకుండానే అంది, ఆ పొద్దు నువ్వు బయట నిలబడి అరిసింది ఊరూ వాడా వినింది, మా పక్క చేను చంద్రప్ప దున్నే మడక నిలబెట్టి మరీ వినె, ఇంగా ఎవురు వినల్లమ్మే నీకు?